పెట్రోల్ పికప్‌లో పీ0455: మూత మార్చినా చెక్ ఇంజిన్ లైట్ మళ్ళీ వస్తోంది

నీలి_పికప్:
అందరికీ నమస్కారం. నాది పదకొండేళ్ల పెట్రోల్ పికప్. రెండు వారాల కింద చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, నా దగ్గరున్న చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి చూస్తే పీ0455 అని చూపించింది. ఇంధన ఆవిరి వ్యవస్థలో పెద్ద లీకు అని దానర్థమట. ఎక్కడ చూసినా ముందు ట్యాంక్ మూత మార్చమనే రాసి ఉంది కాబట్టి కొత్త మూత కొని బిగించాను, కోడ్ చెరిపేశాను. అయిదు రోజులు బాగానే ఉంది, ఆరో రోజు పొద్దున మళ్ళీ అదే లైటు, అదే కోడ్. బండి నడకలో ఏ తేడా లేదు, మైలేజీ మామూలుగానే ఉంది. గ్యారేజీకి తీసుకెళ్తే బండి కిందికి ఒక్కసారి కూడా వంగి చూడకుండానే పర్జ్ వాల్వ్, వెంట్ వాల్వ్, క్యానిస్టర్ మూడూ మార్చేద్దాం అన్నారు. మూడూ మార్చాక కూడా లైటు వస్తే ఏం చేయాలని అడిగితే జవాబు లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఇంట్లో మల్టీమీటర్ ఉంది, స్పానర్ల సెట్ ఉంది, సొంతంగా పని చేసుకోవడానికి నాకు భయం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

స్పానర్_12:
పర్జ్ వాల్వ్ మార్చెయ్ బ్రదర్. నా బండికి కూడా ఇదే కోడ్ వచ్చింది, అది మార్చాక పోయింది. పది నిమిషాల పని.

పాత_మెకానిక్:
నీలి_పికప్ గారూ, ఇప్పుడే ఏదీ మార్చకండి. స్పానర్_12 గారి బండికి పర్జ్ వాల్వ్ పోయి ఉండొచ్చు, మీ బండికి అదే పోవాలని లేదు. ఈ కోడ్ లీకు ఎంత పెద్దదో మాత్రమే చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. పీ0455 పెద్ద లీకు, పీ0442 చిన్న లీకు అంటే సుమారు 1 మిల్లీమీటరు రంధ్రం, పీ0456 ఇంకా చిన్నది, సుమారు అర మిల్లీమీటరు. మూత ఊడిందని ప్రత్యేకంగా చెప్పే కోడ్ పీ0457, అది కొన్ని బండ్లలోనే వస్తుంది.

ముందు ఈ వ్యవస్థ ఏం చేస్తుందో మనసులో బొమ్మ గీసుకుంటే సగం పని అయిపోయినట్టే. ట్యాంకులో పెట్రోల్ ఎప్పుడూ ఆవిరి అవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలిలోకి పోకుండా ఒక గొట్టం గుండా బొగ్గు గుళికలున్న డబ్బాలోకి, అంటే క్యానిస్టర్‌లోకి వెళ్తుంది, బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ వేడెక్కి నడుస్తున్నప్పుడు ఇంజిన్ దగ్గరున్న పర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది, ఇంజిన్ పీల్పుతో ఆ ఆవిరి లోపలికి పోయి కాలిపోతుంది. అప్పుడు క్యానిస్టర్‌లోకి బయటి గాలి రావాలి కదా, అది వెంట్ వాల్వ్ గుండా వస్తుంది. ముఖ్యమైన తేడా ఏంటంటే, పర్జ్ వాల్వ్ కరెంటు లేనప్పుడు మూసుకుని ఉంటుంది, వెంట్ వాల్వ్ కరెంటు లేనప్పుడు తెరిచి ఉంటుంది. కంప్యూటర్ లీకు పరీక్ష చేసేటప్పుడు వెంట్‌కి కరెంటు ఇచ్చి మూస్తుంది, పర్జ్ కొంచెం తెరిచి ట్యాంకులో కొద్దిగా వాక్యూమ్ పుట్టిస్తుంది, తర్వాత పర్జ్ కూడా మూసేసి ఆ వాక్యూమ్ నిలుస్తుందా లేదా అని ట్యాంక్ ప్రెషర్ సెన్సర్ ద్వారా చూస్తుంది. అసలు వాక్యూమే పుట్టకపోతే పెద్ద లీకు అంటుంది, పుట్టి మెల్లగా జారిపోతే చిన్న లీకు అంటుంది. కొన్ని బండ్లు ఇంజిన్ ఆపేశాక ట్యాంక్ చల్లబడేటప్పుడు దానంతట అదే పుట్టే వాక్యూమ్‌ని చూసి తేల్చుకుంటాయి, కొన్నింటిలో ఇందుకోసం చిన్న పంపే ఉంటుంది.

ఇప్పుడు నా ప్రశ్నలు. లైటు వెలిగిన క్షణంలో నమోదైన వివరాలు, అంటే ఫ్రీజ్ ఫ్రేమ్, చూశారా? కోడ్ చెరిపేస్తే అవి కూడా పోతాయి, కాబట్టి ఈసారి చెరపకముందే రాసుకోండి. పెట్రోల్ వాసన వస్తోందా, వస్తే ఎప్పుడు? పెట్రోల్ పోసేటప్పుడు నాజిల్ మాటిమాటికీ టక్కుమని ఆగిపోతోందా? పోయించుకున్న వెంటనే స్టార్ట్ చేస్తే ఇబ్బంది పెడుతోందా? బండి ఎలాంటి దారుల్లో తిరుగుతుంది?

నీలి_పికప్:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్ సార్. ఫ్రీజ్ ఫ్రేమ్ ఈసారి చెరపలేదు, చూశాను: ఇంధనం 61 శాతం, కూలంట్ 38 డిగ్రీలు, లోపలికి పోయే గాలి 27 డిగ్రీలు. స్టార్ట్ చేసిన కాసేపటికే పడినట్టుంది. పోసేటప్పుడు నాజిల్ ఆగడం లేదు, స్టార్టింగ్ బాగుంది. వాసన మాత్రం, మీరు అడిగాక గుర్తొచ్చింది, ట్యాంక్ నిండుగా పోయించిన రోజు మలుపుల్లో కొద్దిగా వస్తుంది. నిండుగా పోస్తే అందరికీ అంతేలే అనుకున్నాను. దారుల విషయానికొస్తే సగం మట్టి రోడ్డే, వానాకాలంలో బురద చక్రాల పైదాకా కొడుతుంది.

బురద_దారి:
మట్టి రోడ్డు అన్నారు కాబట్టి నా అనుమానం వెంట్ వాల్వ్ మీద. పికప్‌లలో అది సాధారణంగా వెనక ఫ్రేమ్ మీద, క్యానిస్టర్ పక్కనే వేలాడుతుంటుంది, టైర్లు ఎగజిమ్మే దుమ్మంతా దాని మీదే పడుతుంది. నా బండిలో రెండుసార్లు ఇలాగే అయింది. ఒకసారి దాని గొట్టంలో సాలెపురుగు గూడు కట్టింది, అది మూసుకుపోవడం అన్నమాట, అప్పుడు పెట్రోల్ పోస్తుంటే నాజిల్ లీటరుకోసారి ఆగిపోయేది. రెండోసారి సన్నటి దుమ్ము లోపల సీటు మీద, అంటే వాల్వ్ మూసుకునేటప్పుడు ఆనే అంచు మీద, పేరుకుని వాల్వ్ పూర్తిగా మూసుకోలేదు, అప్పుడు మీలాగే పీ0455.

కొత్త_చేతులు:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా నాన్నగారి పికప్ డీజిల్. దానికి కూడా ఇలాంటి క్యానిస్టర్ ఉంటుందా?

పాత_మెకానిక్:
ఉండదు బాబూ. డీజిల్ మామూలు ఉష్ణోగ్రతలో పెట్రోల్ లాగా ఆవిరి కాదు, అందుకని ఆ అవసరం లేదు. డీజిల్ బండిలో లైటు వెలిగితే వేరే కారణం, కోడ్ చదివించి కొత్త చర్చ మొదలుపెట్టు, అందరం చూస్తాం.

నీలి_పికప్:
బురద_దారి అన్నా, ఇవాళ సాయంత్రం కిందకి దూరి చూశాను. వెంట్ వాల్వ్ కనబడింది, నిజంగానే మట్టి ముద్దలా ఉంది. కనెక్టర్ తీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే టక్ అని శబ్దం వచ్చింది, తీస్తే మళ్ళీ టక్. కాయిల్ రెసిస్టెన్స్ కూడా మీటర్‌లో వచ్చింది, అంటే లోపలి తీగ తెగలేదు. అంటే వాల్వ్ బాగున్నట్టే కదా? అయితే నేను పర్జ్ వాల్వ్ వైపు వెళ్తాను.

పాత_మెకానిక్:
ఆగండి. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. టక్ అనడం అంటే లోపలి ముక్క కదిలిందని మాత్రమే, అది సీటు మీద గట్టిగా కూర్చుందని కాదు. మధ్యలో చిటికెడు దుమ్మున్నా టక్ అంటుంది, గాలి మాత్రం పోతూనే ఉంటుంది. వాల్వ్ విప్పి బయటికి తీయండి, దాని ముక్కుకి శుభ్రమైన రబ్బరు గొట్టం తొడగండి, కరెంటు ఇచ్చి నోటితో మెల్లగా ఊదండి. బుగ్గలు ఉబ్బి గాలి అస్సలు పోకూడదు. కొంచెం పోయినా అది మూసుకోనట్టే. చేతి వాక్యూమ్ పంపు ఉంటే ఇంకా మంచిది, ముల్లు కదలకుండా నిలవాలి.

కరెంటు ఇచ్చి చేసే ఈ పనులన్నీ వాల్వ్‌ని బండి నుంచి దూరంగా, గాలి ఆడేచోట పెట్టుకుని చేయండి. ట్యాంక్ పక్కన వైర్లు తాకించి నిప్పురవ్వ లేపకండి. మీరు ఇవాళ బండి కిందే చేసినట్టున్నారు, ఇంకెప్పుడూ అలా చేయకండి. ఇది కోప్పడి చెప్పడం కాదు, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువైనది, కిందే పేరుకుంటుంది, మీరు పడుకున్న చోటే.

నీలి_పికప్:
నిజమే సార్, ఆలోచించలేదు. ఇక అలా చేయను.

స్పానర్_12:
పర్జ్ వాల్వ్ చూడటం కూడా సులువే కదా, అది చెప్పకుండా వదిలేస్తే ఎలా. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, క్యానిస్టర్ వైపు గొట్టం పీకి, వాల్వ్ ముక్కు మీద వేలు పెట్టాలి. స్టార్ట్ చేసిన వెంటనే, చల్లగా ఉన్నప్పుడు, పీల్పు తగలకూడదు. తగిలితే వాల్వ్ మూసుకోవడం లేదనే. నా బండిలో అలాగే తేలింది, ఊరికే గుడ్డిగా మార్చలేదు, మొదటి పోస్టులో అది రాయకపోవడం నా తప్పు.

పాత_మెకానిక్:
సరిగ్గా చెప్పారు, మంచి పరీక్ష. ఒక్కటి కలుపుతాను: ఇంజిన్ వేడెక్కాక కంప్యూటరే పర్జ్ తెరుస్తుంది, అప్పుడు పీల్పు తగిలితే కంగారు పడొద్దు, కనెక్టర్ తీసేసి మళ్ళీ చూడండి. కనెక్టర్ లేకపోయినా పీలుస్తుంటే వాల్వ్ పోయినట్టు. అలా తెరుచుకుపోయిన పర్జ్ వాల్వ్‌కి ఇంకో గుర్తు, పెట్రోల్ పోయించుకున్న వెంటనే స్టార్ట్ కాకుండా సతాయించడం. ట్యాంకులోంచి తోసుకొచ్చిన చిక్కటి ఆవిరంతా ఇంజిన్‌లోకి పోతుంది కాబట్టి. చాలాసార్లు దానికి పీ0496 అనే కోడ్ పడుతుంది. నీలి_పికప్ గారికి ఆ లక్షణం లేదు, అందుకే ముందు వెంట్ వైపు పంపాను.

ఆకుపచ్చ_స్క్రూ:
నా బండికి సరిగ్గా అదే సమస్య, పోయించుకున్నాక మూడు నాలుగు సార్లు సెల్ఫ్ కొట్టాలి. పర్జ్ వాల్వ్ తీసి నేలకేసి మెల్లగా తట్టితే నల్లటి ఇసుక లాంటిది రాలింది. అదేంటి?

బురద_దారి:
అది క్యానిస్టర్‌లోని బొగ్గు. లోపలి జల్లెడ చిరిగి గుళికలు గొట్టం గుండా కొట్టుకొచ్చి వాల్వ్‌లో ఇరుక్కున్నాయి. ఉత్త వాల్వ్ మారిస్తే కొత్తది కూడా కొన్నాళ్లకే ఇరుక్కుంటుంది. క్యానిస్టర్ మార్చాలి, మధ్య గొట్టాన్ని రెండు చివరలా విప్పి గాలితో శుభ్రం చేయాలి, ఆ తర్వాతే కొత్త వాల్వ్ పెట్టాలి. నాజిల్ ఆగిపోయాక కూడా ఇంకాస్త ఇంకాస్త అని పోయించుకునే అలవాటు ఉంటే మానండి. పెట్రోల్ ద్రవంగానే క్యానిస్టర్‌లోకి పోతే బొగ్గు పాడైపోతుంది.

ఆకుపచ్చ_స్క్రూ:
ఆ అలవాటు ఉంది. ఈరోజుతో బంద్.

నీలి_పికప్:
మూడు రోజులకి తీరిక దొరికింది. వెంట్ వాల్వ్ తీశాను. గొట్టం తొడిగి, కరెంటు ఇచ్చి ఊదితే గాలి హాయిగా పోతోంది! టక్ మాత్రం ప్రతిసారీ అంటోంది. అంటే పాత_మెకానిక్ గారు చెప్పినట్టే, కదులుతోంది కానీ కూర్చోవడం లేదు. శుభ్రం చేద్దామని చూశాను, లోపల మట్టి గట్టిపడి సీటు రబ్బరు ఒకవైపు నలిగిపోయి ఉంది. కొత్తది తెచ్చి పెట్టాను, పెట్టే ముందు అదే పరీక్ష దానికీ చేశాను, ఒక్క పిసరు గాలి పోలేదు. పర్జ్ వాల్వ్ కూడా వేలితో చూశాను, పీల్పు లేదు. కోడ్ చెరిపాను. ఇక లైటు రాదని ఆశ.

బురద_దారి:
శభాష్. దాని గాలి గొట్టం చివర కాస్త ఎత్తులో, టైరు నీడ పడనిచోట కట్టుకోండి, వంపులు నలగకుండా. కొన్ని కంపెనీలు వెంట్‌ని పైకి జరిపే కిట్, దుమ్ము ఆపే ఫిల్టర్ కూడా ఇస్తాయి, మీ మోడల్‌కి ఉందేమో కనుక్కోండి.

నీలి_పికప్:
తొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ వచ్చాను, మనసు బాలేదు. లైటు వెలిగింది. ఈసారి పీ0442.

స్పానర్_12:
కొత్త వాల్వ్ డూప్లికేట్ అయి ఉంటుంది.

పాత_మెకానిక్:
అలా అనుకోవక్కర్లేదు, పెట్టే ముందు ఆయన పరీక్షించారు. బాధపడకండి నీలి_పికప్ గారూ, ఇది మంచి వార్తే. మొన్నటిదాకా వాక్యూమే పుట్టలేదు, ఇప్పుడు పుడుతోంది కానీ నిలవడం లేదు. పెద్ద తలుపు మూశాం కాబట్టి లోపలున్న చిన్న కిటికీ బయటపడింది. ఒకే బండిలో రెండు లీకులుండటం పాత పికప్‌లలో తరచూ చూస్తాను.

మీ స్కానర్ వాల్వ్‌లకి ఆదేశాలివ్వగలదా? వెంట్ మూయి, పర్జ్ తెరువు అని? అలా చేయగలిగేది ఒకటి అరువు తెచ్చుకుంటే, వెంట్ మూసి, ఐడిల్‌లో పర్జ్ కొద్దిగా తెరిచి ట్యాంక్ ప్రెషర్ అంకె చూడండి. దానికి ముందు ఇంజిన్ ఆపి మూత తీసినప్పుడు ఆ అంకె సున్నా దగ్గర ఉందో లేదో చూసుకోండి, లేకపోతే సెన్సరే అబద్ధం చెబుతోందని. వాక్యూమ్ 8 అంగుళాల నీటి కొలత (చిన్న ఒత్తిళ్లని కొలిచే లెక్క) దాకా వస్తే చాలు, పర్జ్ మూసేసి ఎంత వేగంగా జారుతోందో గమనించండి. అంతకన్నా లాగకండి, ట్యాంక్ లోపలికి నొక్కుకుపోవచ్చు.

నీలి_పికప్:
స్నేహితుడి స్కానర్ తెచ్చాను. మూత తీస్తే సున్నా. వెంట్ మూసి పర్జ్ తెరిస్తే మైనస్ 8 దాకా వచ్చింది, పర్జ్ మూసేశాక ఒక నిమిషంలో మైనస్ 3కి పడిపోయింది. మూతని అరచేత్తో గట్టిగా అదిమి చూశాను, అదే వేగం.

చేతిపని:
కంప్రెసర్ ఉంటే చాలు కదా. గొట్టంలోకి గాలి కొట్టి సబ్బు నీళ్లు రాస్తే బుడగలొస్తాయి. పొగ కావాలంటే డబ్బాలో నూనె పోసి గ్లో ప్లగ్‌తో, అంటే డీజిల్ ఇంజిన్‌లో వేడి పుట్టించే కడ్డీతో, వేడిచేస్తే సరి, ఇంట్లోనే పొగ యంత్రం తయారు.

పాత_మెకానిక్:
చేతిపని గారూ, మీరు సాయం చేయాలనే చెప్పారని తెలుసు, కానీ ఇది చదివి ఎవరైనా చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇన్‌టేక్‌లో, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే దారిలో, లీకు వెతకడానికి ఇంట్లో చేసిన పొగ డబ్బా వాడేవాళ్లున్నారు, పెట్రోల్ ట్యాంకుకి మాత్రం వద్దే వద్దు. ట్యాంకులో ఖాళీ జాగా అంతా ఆవిరి, మీరు కంప్రెసర్‌తో దానికి ఆక్సిజన్ అందిస్తున్నారు, పక్కనే ఎర్రగా కాలే గ్లో ప్లగ్. ఇంతకన్నా ప్రమాదం ఏముంటుంది. రెండో సంగతి ఒత్తిడి. ఈ వ్యవస్థ అర పీఎస్ఐకి, అంటే దాదాపు 14 అంగుళాల నీటి కొలతకి మించి భరించేలా చేసింది కాదు. కంప్రెసర్ గాలి దానికి వంద రెట్ల పైన ఉంటుంది, సీళ్లు ఎగిరిపోతాయి, సెన్సర్ పాడవుతుంది, లేని లీకులు కొత్తగా పుడతాయి. ఆవిరి వ్యవస్థ కోసమే చేసిన పొగ యంత్రం నైట్రోజన్ లాంటి మండని వాయువుతో, ఒత్తిడి కట్టడిలో పెట్టి పొగ పంపుతుంది. అది ఉన్న గ్యారేజీ వెతకండి. పొగ పట్టించడం వరకే చేయించుకోండి, భాగాలు మార్చడం తర్వాతి మాట.

చేతిపని:
ఇన్‌టేక్‌కి వాడిన అనుభవంతో రాశాను, ట్యాంక్ సంగతి ఇంత ఆలోచించలేదు. నా మాట ఎవరూ పాటించకండి.

బురద_దారి:
పొగ పెట్టించే ముందు ఒక్క ప్రశ్న. ఈ రెండు మూడేళ్లలో ట్యాంక్ దగ్గర ఎవరైనా చెయ్యి పెట్టారా? ట్యాంక్ దింపడం, గొట్టం మార్చడం, ఏదైనా సరే.

నీలి_పికప్:
అబ్బే, ఆవిరి వ్యవస్థ ఎవరూ ముట్టుకోలేదు. కిందటేడు పెట్రోల్ పంపు పోతే మార్పించాను, అంతే.

బురద_దారి:
అంతే కాదు, అదే! పంపు మాడ్యూల్ ట్యాంక్ నెత్తిన కూర్చుంటుంది. దాని చుట్టూ ఒక రబ్బరు ఓ రింగు, పైన లాక్ రింగు. పంపు మార్చినప్పుడు రబ్బరు రింగు కొత్తది వేయకపోతే, లేదా గాడిలో సరిగ్గా కూర్చోకపోతే, అక్కడినుంచి ఆవిరి పోతుంది. నిండుగా పోయించిన రోజు మలుపుల్లో వాసన అన్నారు చూడండి, పెట్రోల్ ఎగిరి ట్యాంక్ పైకప్పుని తాకేది అప్పుడే.

పాత_మెకానిక్:
మంచి ప్రశ్న అడిగారు, మొదటి రోజే నేను అడగాల్సింది. అయినా పొగ పట్టించి చూడండి, ఎందుకంటే పికప్‌లలో ఇంకో చోటు కూడా ఉంది, పోసే గొట్టం. ఇనుప గొట్టమైతే వెనక తొట్టి లోపలివైపు క్లాంపు దగ్గర మట్టి నిలిచి తుప్పు పట్టి సూది మొనంత చిల్లులు పడతాయి. పైన పెయింటు బాగానే కనిపిస్తుంది. ట్యాంక్ పైన ఎలుకలు కొరికిన గొట్టాలూ చూశాను. తొట్టి లేపకముందే తేలిపోతే మీ శ్రమ సగం తగ్గుతుంది.

నీలి_పికప్:
పొగ పట్టించాను. వేరే గ్యారేజీ, ఆయన ఓపికగా నన్ను పక్కన నిలబెట్టుకుని చూపించాడు. ముందు వెంట్ తెరిచి ఉంచి పొగ పంపాడు, వెంట్ గొట్టం నుంచి పొగ బయటికి వచ్చాక, అంటే అంతా నిండిందని తెలిశాక, స్కానర్‌తో వెంట్ మూశాడు. పోసే గొట్టం దగ్గర ఏమీ లేదు. మూత దగ్గర లేదు. క్యానిస్టర్ దగ్గర లేదు. ఒక అయిదు నిమిషాలకి తొట్టికీ ట్యాంకుకీ మధ్య సందులోంచి సన్నటి దారంలా పొగ లేచింది. టార్చ్ అడ్డంగా వేస్తే గానీ కనబడలేదు. ట్యాంక్ నెత్తినే, పంపు ఉన్నచోటే. బురద_దారి అన్నా, మీరు చూడకుండానే చెప్పారు.

ఇప్పుడు ట్యాంక్ దింపాలా, తొట్టి లేపాలా?

బురద_దారి:
తొట్టే. ట్యాంక్ దింపాలంటే పెట్రోల్ మొత్తం తోడాలి, పట్టీలు తుప్పు పట్టి ఉంటే అదో తలనొప్పి. తొట్టి సాధారణంగా ఆరు లేదా ఎనిమిది బోల్టుల మీద ఉంటుంది, ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి నానబెట్టండి. పోసే గొట్టం నోటి దగ్గరి స్క్రూలు, వెనక లైట్ల కనెక్టర్, ఎర్త్ వైరు, ఈ మూడూ మరిచిపోకుండా విప్పండి, మరిచిపోయి ఎత్తితే తెగుతాయి. మొత్తం తీయక్కర్లేదు, ఒకవైపు బోల్టులు తీసి రెండోవైపువి వదులు చేసి వాలుగా ఎత్తినా చెయ్యి పడుతుంది. కానీ ఎత్తినదాన్ని గట్టి దుంగలతో నిలబెట్టండి, మనిషి భుజం మీద ఆపి పనిచేయకండి. కనీసం నలుగురు కావాలి.

పాత_మెకానిక్:
బ్యాటరీ నెగటివ్ ముందే తీసేయండి. ట్యాంకులో పెట్రోల్ పావు వంతుకి తగ్గించుకుని మొదలుపెట్టండి. లాక్ రింగు తిప్పడానికి దానికోసం ఉన్న పనిముట్టు వాడండి, లేకపోతే ఇత్తడి కడ్డీతో తట్టండి, ఉక్కు సుత్తి ఉక్కుని తాకితే నిప్పురవ్వ వస్తుంది. విప్పే ముందు చుట్టూ ఉన్న దుమ్ము తుడిచి ఊదేయండి, లేకపోతే అదంతా ట్యాంకులో పడుతుంది. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో ఉండాలి.

ఓ రింగు తప్పకుండా కొత్తది, మీ బండి మోడల్‌కి సరిపోయేది. పెట్రోల్‌లో నానిన పాత రింగు ఉబ్బుతుంది, ఒకసారి గాడిలోంచి తీస్తే మళ్ళీ సరిగ్గా కూర్చోదు. దాన్ని పొడిగా పెట్టాలా, తడిపి పెట్టాలా అనేది కంపెనీని బట్టి ఉంటుంది, సర్వీస్ మాన్యువల్‌లో చూసి అలాగే చేయండి.

నీలి_పికప్:
నిన్న ఆదివారం నలుగురం కలిసి తొట్టి వాలుగా ఎత్తాం. చూడగానే తెలిసిపోయింది. ట్యాంక్ మీద అంతటా పొడి దుమ్ము, పంపు చుట్టూ మాత్రం అరచేయి వెడల్పున తడి మరక, దుమ్ము నల్లగా అంటుకుపోయి ఉంది. లాక్ రింగు తీస్తే లోపల ఓ రింగు ఒకచోట గాడిలోంచి జారి మెలి తిరిగి నలిగి ఉంది. కిందటేడు పంపు మార్చినవాళ్లు పాతదే మళ్ళీ వేశారు, దాని మీద పాత గాడి అచ్చు స్పష్టంగా ఉంది. ట్యాంక్ అంచు తుడిచి, తుప్పు లేదని చూసుకుని, కొత్త రింగు పెట్టి బిగించాం. స్కానర్ ఇంకా నా దగ్గరే ఉంది కాబట్టి తొట్టి దించకముందే బ్యాటరీ కలిపి అదే పరీక్ష చేశాను. మైనస్ 8కి తెచ్చి మూసేస్తే రెండు నిమిషాల తర్వాత మైనస్ 7.6. కదల్లేదనే చెప్పాలి. నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి, నెల రోజుల టెన్షన్ మరి.

ఒక సందేహం. కోడ్ ఇప్పుడు చెరపనా, దానంతట అదే పోనివ్వనా?

పాత_మెకానిక్:
చాలా సంతోషం. ఆ 7.6 అంకె ఎక్కడైనా రాసి పెట్టుకోండి, రేపెప్పుడైనా పోల్చుకోవడానికి పనికొస్తుంది. చెరిపినా పరవాలేదు, చెరిపితే మిగతా పరీక్షలన్నీ కూడా మొదటినుంచి పూర్తికావాలి, అదొక్కటే. చెరపకపోతే వరసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లలో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒకటి) పరీక్ష పాసైతే లైటు ఆరిపోతుంది, మెమరీలోంచి కోడ్ పోవడానికి 40 వార్మప్ సైకిళ్లు (చల్లటి ఇంజిన్ బాగా వేడెక్కితే ఒకటి) పడుతుంది. మీరు ఏది చేసినా ఆవిరి పరీక్ష జరగాలంటే రాత్రంతా ఆగి చల్లబడ్డ బండి, మరీ వేడీ మరీ చలీ కాని వాతావరణం, ట్యాంకులో చాలా బండ్లకి 15 నుంచి 85 శాతం మధ్య పెట్రోల్ ఉండాలి. అందుకే నిండుగా పోయించి రోజూ తిరుగుతూ ఇంకా పరీక్ష కాలేదేంటని అడిగేవాళ్లుంటారు. సగం ట్యాంకుతో తిప్పండి.

కొత్త_చేతులు:
ఇదంతా ముందే చేయకుండా అన్నాళ్లు లైటుతో తిరిగితే ఇంజిన్‌కి ఏమైనా అవుతుందా?

పాత_మెకానిక్:
లైటు నిలకడగా వెలుగుతూ, కోడ్ ఆవిరి లీకుదే అయితే ఇంజిన్‌కి సాధారణంగా ఏమీ కాదు. రెండు విషయాల్లో మాత్రం ఆగకూడదు. పెట్రోల్ వాసన గట్టిగా వచ్చినా, ఎక్కడైనా బొట్లు కనబడినా బండి కదపకండి, అది ఆవిరి లీకు కాదు పెట్రోల్ లీకు. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే అది మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం, దానికీ దీనికీ సంబంధం లేదు, నడిపితే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోతుంది. ఇంకోటి, పాత లైటు వెలుగుతూనే ఉంటే కొత్తగా వచ్చే సమస్య కూడా అదే లైటు వెనక దాక్కుంటుంది, మీకు తెలియదు.

నీలి_పికప్:
ఆఖరి కబురు చెప్పి వెళ్తాను. చెరిపేసి సగం ట్యాంకుతో ఎనిమిది రోజులు తిప్పాను. మొన్న పొద్దున స్కానర్‌లో ఆవిరి పరీక్ష పూర్తయింది అని చూపించింది, కోడ్ లేదు, పెండింగ్‌లో కూడా ఏమీ లేదు. నిన్న నిండుగా పోయించి, కావాలనే మలుపులున్న దారిలో వెళ్లాను. వాసన లేదు.

ఆకుపచ్చ_స్క్రూ:
నా క్యానిస్టర్ కూడా మారింది, గొట్టంలోంచి గుప్పెడు బొగ్గు వచ్చింది. పోయించుకున్నాక ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. నీలి_పికప్ గారూ, మీ వెంట్ గొట్టం ఎంత ఎత్తులో కట్టారో ఒక ఫోటో పెట్టగలరా? నాదీ మట్టి రోడ్డే.

నీలి_పికప్:
రేపు వెలుతురులో తీసి పెడతాను. తొట్టి అడుగు రేకుకి ఒక జానెడు కింద, చక్రం వంపుకి లోపలివైపు కట్టాను, గొట్టం నోరు కిందికి చూసేలా, నీళ్లు నిలవకుండా.